వలసదారు కొడుకు.. వింత చుక్కల లెక్క!

వీసా రాలేదంటే ఆ బాధేమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బ మనలాంటి వాళ్ళకే కాదు, నోబెల్ బహుమతి అందుకున్న మహామేధావికీ తగిలింది. 1954లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌ వెళ్దామని దరఖాస్తు పెట్టుకున్న బ్రిటన్ శాస్త్రవేత్త పాల్ డిరాక్‌కు వీసా ఇవ్వలేదు. ఆయన మన దేశం వచ్చారు. ఇక్కడి నుంచి ఓడెక్కి కెనడాలోని వాంకూవర్ చేరుకున్నారు. ఆకాశంలోని చుక్కల్లో కొన్ని మన పదార్థానికి సరిగ్గా తిరగేసిన సరుకుతో తయారై ఉండొచ్చని నోబెల్ వేదిక మీద చెప్పింది ఈయనే. ఆ మనిషి కథ, ఆ చుక్కల కథ ఇవాళ చెప్పుకుందాం.

నోరు మూయించిన భాష

డిరాక్ 1902 ఆగస్టు 8న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చి, బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాడు. తల్లి ఫ్లారెన్స్‌ది ఇంగ్లండే. పెద్దయ్యాక డిరాక్ గుర్తుచేసుకున్న దాన్ని బట్టి, తండ్రితో భోజనానికి కూర్చుంటే ఫ్రెంచిలోనే మాట్లాడాలి, అదీ తప్పుల్లేకుండా. అంత బాగా ఫ్రెంచి రాని పిల్లాడు నోరు తెరవకపోవడమే మేలనుకున్నాడు. ఆ మౌనం జన్మంతా పోలేదు. పిల్లలకు మన తెలుగు రావాలని తపించే ప్రవాస తల్లిదండ్రులం ఇది కాస్త ఆలోచించాలి. ముద్దుగా నేర్పితే భాష నిలుస్తుంది. భయపెట్టి నేర్పితే పిల్లాడి నోరే పడిపోతుంది.

1919లో తండ్రీ పిల్లలు స్విస్ పౌరసత్వం వదిలి బ్రిటిష్ పౌరులయ్యారు. 1921లో డిరాక్ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తిచేశారు. అప్పుడు దేశంలో మాంద్యం. పట్టా చేతిలో ఉన్నా ఉద్యోగం దొరకలేదు. ఖాళీగా ఉన్న కుర్రాడికి బ్రిస్టల్ విశ్వవిద్యాలయం ఫీజు లేకుండా లెక్కలు చదువుకోనిచ్చింది. ఆ ఉద్యోగమేదో దొరికి ఉంటే మరో ఇంజినీరు అయ్యేవాడేమో! 1923లో కేంబ్రిడ్జి చేరారు. 1925లో అన్న ఫెలిక్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంట్లో చల్లారని ఆ దుఃఖంలోనే డిరాక్ తన పెద్ద పనులు మొదలుపెట్టారు.

మైనస్‌ను పారేయలేదు

1928లో ఎలక్ట్రాన్ నడకను వివరించే సమీకరణం ఒకటి కనిపెట్టారు. అందులో ఒక చిక్కు వచ్చింది. నాలుగుకు వర్గమూలం ఎంతంటే రెండు అంటాం. మైనస్ రెండు కూడా సరైన జవాబే కదా! డిరాక్ సమీకరణానికి కూడా అలాగే రెండో రకం జవాబులు వచ్చాయి. వాటిలో ఎలక్ట్రాన్ శక్తి సున్నా కంటే తక్కువ. ఇంకొకరైతే అర్థం లేదని కొట్టేసేవారు. ఈయన కొట్టేయలేదు. మొదట అవి ప్రోటాన్లకు సంబంధించినవేమో అనుకున్నారు. బరువు కుదరదని తోటివాళ్ళు ఆక్షేపించారు. దాంతో 1931లో ఇంకో అడుగు ముందుకేశారు. ఎలక్ట్రాన్‌తో సమాన బరువు, దానికి వ్యతిరేక ఆవేశం ఉన్న కొత్త కణం ఒకటి ఉండాలని రాశారు. అప్పటికి ఆ కణాన్ని గుర్తించినవాళ్ళు లేరు. 1932లో కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ తీసిన ఫొటోలో ఆ కణం జాడ చిక్కింది. దానికే పాజిట్రాన్ అని పేరు. ఇవాళ క్యాన్సర్ ఆసుపత్రుల్లో పెట్ స్కాన్ అంటున్నామే, అది పనిచేసేది ఈ పాజిట్రాన్లతోనే.

ఇలా తిరగేసిన కణాలతో తయారయ్యేదే యాంటీమేటర్, అంటే ప్రతిపదార్థం. అది మామూలు పదార్థాన్ని తాకితే రెండూ మాయమై శక్తిగా మారిపోతాయి. చెరో గ్రాము కలిస్తే చాలు, హిరోషిమా బాంబును మించిన శక్తి వెలువడుతుంది.

1933లో ష్రోడింగర్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు. ప్రచారం అంటే భయంతో వద్దనబోయారు. వద్దంటే ఇంకా పెద్ద వార్త అవుతుందని రూథర్‌ఫర్డ్ నచ్చజెప్పాక ఒప్పుకున్నారు. స్టాక్‌హోంకు తల్లిని వెంట తీసుకెళ్ళారు, తండ్రిని కాదు. ఆ డిసెంబరు 12న చేసిన ప్రసంగం చివర్లో ఈ నక్షత్రాల మాట తెచ్చారు. భూమి మీద ఈ రకం పదార్థమే ఎక్కువ ఉండటం కాకతాళీయం కావచ్చని, కొన్ని నక్షత్రాలు పూర్తిగా ప్రతిపదార్థంతోనే ఉండొచ్చని, బహుశా సగానికి సగం అవే కావచ్చని అన్నారు. రెండింటి వెలుగూ ఒకేలా ఉంటుంది కాబట్టి అప్పటి పద్ధతులతో తేడా పట్టలేమనీ చెప్పారు.

అమెరికా కాదంటే.. కెనడా రమ్మంది

కెనడా ఆయనకు కొత్త కాదు. 1949లో వాంకూవర్‌లో జరిగిన గణిత సదస్సులో ఉపన్యాసాలిచ్చారు. వాటి సారం మరుసటేడు కెనడా గణిత పత్రికలోనే అచ్చయింది. 1954లో వీసా నిరాకరించిన కాలం అమెరికాలో కమ్యూనిస్టులంటే వణికిపోయిన కాలం. డిరాక్ అంతకుముందు పలుసార్లు రష్యా వెళ్ళారు, అక్కడి కపిట్జా ఆయనకు ప్రాణమిత్రుడు. అమెరికా శాస్త్రవేత్తలే ఈ నిర్ణయాన్ని తప్పుపట్టారు. అప్పుడాయన బొంబాయిలో హోమీ భాభా నడిపిస్తున్న టాటా పరిశోధన సంస్థకు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. భాభా కూడా కేంబ్రిడ్జిలో చదివినవాడే. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టి పేరు తెచ్చుకున్నవాడు. 1955లో అక్కడి నుంచి వాంకూవర్ చేరేసరికి డిరాక్‌కు కామెర్లు. పరాయి ఊళ్ళో జబ్బుపడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు. కోలుకున్నాక ఒట్టావాలోని జాతీయ పరిశోధన మండలిలో పనిచేశారు. ఆ ఏడాదే కెనడా భౌతికశాస్త్ర పత్రికలో ఆయన పరిశోధన పత్రం వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని బర్క్‌లీలో ప్రతిప్రోటాన్ దొరికింది.

చుక్కలు తేలాయా?

ఇంకా తేలలేదు. వెలుగును బట్టి చెప్పలేకపోయినా వేరే దారి ఉంది. అంతరిక్షంలో తేలే మామూలు వాయువు ప్రతినక్షత్రం మీద పడితే ప్రత్యేకమైన గామా కిరణాలు రావాలి. ఫెర్మి ఉపగ్రహం పదేళ్ళలో పట్టిన 5787 గామా కిరణ మూలాలను ఫ్రాన్స్ పరిశోధకులు జల్లెడ పట్టారు. 2021లో 14 అనుమానాస్పద చుక్కలు తేల్చారు. అవి ప్రతినక్షత్రాలని రుజువు కాలేదు, ఇంకేవైనా కావచ్చు. అన్నీ నిజమే అనుకున్నా, మన దాపులో పది లక్షల నక్షత్రాలకు రెండు మూడుకు మించి ఉండవని వాళ్ళ లెక్క. అంటే డిరాక్ అన్న సగానికి సగం కుదరలేదు. దాంతో ఇంకా పెద్ద ప్రశ్న మిగిలింది. సృష్టి మొదట్లో రెండూ సమానంగా పుట్టి ఉంటే అన్నీ కలిసి మాయమైపోవాలి. మరి మనం, మన భూమి ఎలా మిగిలాం?

ఆ జవాబు వెతికే పనిలో వాంకూవర్‌కూ చేయి ఉంది. డిరాక్ జబ్బుతో దిగిన ఆ ఊళ్ళోనే 1968లో ట్రయంఫ్ అణు పరిశోధనాలయం పుట్టింది. జెనీవా దగ్గరి సెర్న్‌లో ప్రతిహైడ్రోజన్‌ను బంధించి పరీక్షిస్తున్న ఆల్ఫా బృందంలో అక్కడి శాస్త్రవేత్తలు ముఖ్యులు. 2021లో ప్రతిహైడ్రోజన్‌ను లేజర్‌తో చల్లబరిచిన పనికి కెనడా వాళ్ళే ముందు నిలిచారు. వదిలేస్తే అదీ మన వస్తువుల్లాగే కిందికే పడుతుందని 2023లో ఆల్ఫా తేల్చింది.

ఇవేవీ చూడకుండానే 1984 అక్టోబరు 20న డిరాక్ కన్నుమూశారు. ఎక్కడో తెలుసా? ఒకప్పుడు వీసా ఇవ్వనన్న అమెరికాలోనే, ఫ్లోరిడాలో. చివరి ఏళ్ళు అక్కడే పాఠాలు చెప్పారు. 1995లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబేలో ఆయన పేరిట ఒక పలక పెట్టి, దాని మీద ఆ సమీకరణాన్ని చెక్కారు. తక్కువ మాట్లాడిన మనిషికి అదే తగిన గౌరవం. సగం చుక్కలన్న లెక్క తప్పినా, మైనస్‌ను పారేయని ఆ ధైర్యం మాత్రం తప్పలేదు. మన లెక్కలోనూ కుదరనిది వచ్చినప్పుడు కొట్టేసే ముందు ఒకసారి ఆగి చూడాలని ఆయన జీవితం మనకు చెప్పింది.