హుంగ్‌డువాన్ కొండమడులకు 30 ఏళ్ల అభినందన

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి ఉత్తరాన, కార్డిలేరా కొండల్లో, ఇఫుగావ్ ప్రావిన్సులో ఉన్న చిన్న ఊరు హుంగ్‌డువాన్. ఆ ఊరి వరిమడులు 1995 డిసెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఆ ఊరి కోతల వేడుక పున్నుక్‌కు 2015లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఒకదానికి 30 ఏళ్లు, మరొకదానికి పదేళ్లు. ఈ జంట శుభవేళ, వరి పండించడమెంత కష్టమో తెలిసిన తెలుగువారి తరఫున హుంగ్‌డువాన్ రైతన్నలకు, అక్కచెల్లెళ్లకు మనసారా అభినందనలు.

కొండకొమ్మున కుటుంబాలు తరతరాలుగా కాపాడుకునే అడవిని అక్కడ ముయోంగ్ అంటారు. ఆ చెట్లు పట్టి ఉంచిన నీరు పైమడిని నింపి, అక్కడి నుంచి కింది మడికి, మడి మడికీ పారుతూ చివరికి వాగులో కలుస్తుంది. మోటారు లేదు, పంపు లేదు. రాయి మీద రాయి పేర్చిన గోడలే ఆ మడులకు ఆధారం. పైనుంచి చూస్తే హుంగ్‌డువాన్ మడులు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తాయి. వీటి వయసు మీద పండితుల వాదులాట ఇంకా తెగలేదు. రెండు వేల ఏళ్లనేది పాత మాట. ఇఫుగావ్‌లో తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో మాత్రం, స్పానిష్ వాళ్లు లూజాన్‌లో అడుగుపెట్టాకే ఇక్కడ మాగాణి వరి విస్తరించిందంటారు. ఆయన మాటే నిజమైతే మా అభినందన ఇంకా పెద్దది కావాలి. నాలుగు వందల ఏళ్లలో ఇంత కట్టడం సామాన్యమా!

ఈ 30 ఏళ్లూ పూలబాట కాదు. కుర్రకారు పనుల కోసం పట్నాలకు వెళ్లిపోయారు. గోడలు కూలాయి. దాదాపు పావు వంతు మడులు బీడుపడ్డాయి. వారసత్వ జాబితాకెక్కిన ఇఫుగావ్ మడులన్నీ 2001లో ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేరాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే కోరి ఆ పేరు చేర్పించడం, మా దృష్టిలో, సిగ్గుపడాల్సిన పని కాదు, తెలివైన పని. అదే 2001లో ఇఫుగావ్ స్త్రీలు నాట్లప్పుడు, కోతలప్పుడు పాడే హుద్‌హుద్ గానాన్ని, మన కేరళ కూడియాట్టంతో పాటే, యునెస్కో తొలి విడతలో మానవజాతి కళాఖండంగా ప్రకటించింది. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సాగుపద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2012లో ప్రమాద జాబితా నుంచి పేరు తొలగింది. కూలిన రాళ్లను మళ్లీ పేర్చిన చేతులకు దక్కిన గెలుపు అది.

మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో సాగుచేసి పేరు తెచ్చుకున్న ఐఆర్-8 వరి కూడా ఈ లూజాన్ దీవిలోని లాస్ బానోస్ నుంచి వచ్చిందే. దిగుబడితో మన గరిసెలు నింపిన దీవి అది. ఆ దీవిలోనే ఈ కొండవాళ్లు ఏడాదికి ఒకే పంట ఇచ్చే టినావోన్ వరిని వదల్లేదు. రెండింటికీ మన దండం.

ఇక పున్నుక్ సంగతి. కోతలు ముగిశాక హుంగ్‌డువాన్‌లోని హపావ్, బాంగ్, నుంగులునన్ వాసులు సంప్రదాయ నేతబట్టలు కట్టుకుని, ఇంట పులియబెట్టిన బియ్యపు కల్లు పంచుకుని, మడిగట్ల మీద వరుసగా నడిచి హపావ్ వాగులోకి దిగుతారు. వరిగడ్డితో మనిషి ఆకారంలో బిగించి కట్టిన కినా-అగ్‌ను నడుమ ఉంచి, కొక్కెంలా వంగిన కర్రలు తగిలించి, అటొక జట్టు ఇటొక జట్టు లాగుతాయి. మోకాళ్ల దాకా నీళ్లు, కాళ్ల కింద గుండ్రాళ్లు, ఒడ్డున కేకలు. ఆట ముగిశాక గడ్డిబొమ్మను వాగుకే వదిలేస్తారు. పున్నుక్‌కు కంబోడియా, దక్షిణ కొరియా, వియత్నాం తాడులాటలతో కలిపి గుర్తింపు వచ్చింది.

హుంగ్‌డువాన్ ముయోంగ్ పచ్చగా ఉండాలి, హపావ్ వాగు ఎండకూడదు, హుద్‌హుద్ పాడే గొంతులు పెరగాలి, గరిసెలు నిండాలి. అలాగే జరుగుతుందని మా నమ్మకం. ఫిలిప్పీన్స్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలకూ, చూడబోయే యాత్రికులకూ ఒక మనవి: ఆ ఊరు వెళితే గట్టు రాళ్లు కదలకుండా నడవండి, ఊరివాళ్ల ఇళ్లలోనే బస చేయండి, వచ్చేటప్పుడు వాళ్లు పండించిన టినావోన్ బియ్యం డబ్బిచ్చి కొనండి.