మెదడు పలుకును విన్న హాన్స్ బెర్గర్

కన్ను చూచును, చూచినదానిని గ్రహించునది మెదడు. పుఱ్ఱె తెఱవకయే మనుష్యుని మెదడు పనిని కాగితముపైకి దింపవచ్చునని మొదట నిరూపించిన వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయన 1873 మే 21వ తేదీన జర్మనీలోని నోయ్సెస్ గ్రామమున జన్మించెను.

యౌవనమున అశ్వదళములో నుండగా ఆయన గుఱ్ఱముపైనుండి పడి, ఫిరంగిబండి చక్రముల క్రింద నలుగవలసినవాడు వెంట్రుకవాసిలో బ్రతికెను. ఆనాడే దూరముననున్న సోదరికి కీడు శంకించగా, తండ్రి క్షేమమడుగుచు తంతినిచ్చెను. మనసునుండి మనసునకు వార్త పోవునని నమ్మి, ఆ శక్తిని వెదకుటకై ఆయన గణితమును విడిచి వైద్యమును చేపట్టెను.

యేనా నగరమున ఏండ్లకొలది శ్రమించి, 1924లో మానవుని తలనుండి విద్యుత్తరంగములను తొలిసారి గ్రహించెను. 1929లో ప్రకటించెను. కన్నులు మూసి ఊరకున్నవానికి సెకనుకు సుమారు పది అలలు వచ్చును; కన్నులు తెఱచినంతనే అవి అణగిపోవును. కోటప్పకొండ తిరునాళ్ళలో జనులందఱు ఒక్కమారుగా కోటయ్యను పిలిచినచో ఆ పిలుపు దూరమునకు వినబడును. ఎవరి మాటలలో వారు పడినచో ఏ మాటయు తెలియదు. మెదడు కణముల తీరును అట్టిదే.

పండితులు పెక్కండ్రు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనువారు తామును పరీక్షించి నిజమని చాటిరి. బెర్గర్ జీవితమున మచ్చయు కలదు: నాజీల కాలమున, రోగులకు బలవంతముగా సంతానము లేకుండ చేయ నిర్ణయించు న్యాయస్థానమున ఆయన సభ్యుడుగా నుండెను. 1941 జూన్ 1వ తేదీన, మనోవ్యాధితో క్రుంగి, తన ప్రాణమును తానే తీసికొనెను.

ఆయన వేసిన బాట ఆగలేదు. ఒక దృశ్యమునకు మెదడిచ్చు బదులు వోల్టులో లక్షవ వంతు మాత్రమే. తక్కిన అలలలో మునిగిపోవును. లండనులో జార్జి డాసన్ 1951 నాటికి దీనికుపాయము చూపెను. తెలుపు నలుపు గళ్ళను నూఱుమార్లు మార్చి చూపి, ఆ నూఱు వ్రాతల సగటు తీసినచో, వేళతప్పి వచ్చు అలలు ఒకదానినొకటి చాలవఱకు కొట్టివేసికొనును. చూపిన సెకనులో పదవవంతునకు ప్రతిసారియు వచ్చు బదులు నిలుచును. కంటినరము దెబ్బతిన్నచో ఆ బదులు ఆలస్యమగును.

బెర్గర్ వెదకిన మనోవార్త దొరకలేదు. కాని మాటరాని పసిబిడ్డకు చూపున్నదో లేదో నేడు వైద్యులు ఆయన బాటనే తెలిసికొనుచున్నారు.