నీలం సంజీవరెడ్డి

నీలం సంజీవరెడ్డి (1913 మే 19 – 1996 జూన్ 1) భారతదేశపు ఆరవ రాష్ట్రపతి, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. రెండు పర్యాయాలు లోక్‌సభ స్పీకరుగా ఉన్నాడు. ప్రభుత్వ సంస్థ రూపొందించే ప్రణాళికలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చుననే వివాదం వల్ల 1964లో ముఖ్యమంత్రి పదవిని వదులుకున్నాడు. రెండేళ్ళు తిరగకముందే దేశంలోని ప్రధాన ఓడరేవులను పర్యవేక్షించే కేంద్రమంత్రి అయ్యాడు. హైదరాబాదులో అమీర్‌పేటను ఆనుకుని ఉన్న సంజీవరెడ్డి నగర్‌కు ఆయన పేరే పెట్టారు.

తొలి జీవితం

సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో జన్మించాడు. మద్రాసులోను, అనంతపురంలోను చదువుకున్నాడు. 1931లో చదువు మాని స్వాతంత్ర్యోద్యమంలో చేరాడు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి అయ్యాడు. 1940 - 45 మధ్య అధిక కాలం జైలులో గడిపాడు. 1953లో ఆంధ్ర రాష్ట్ర ఉపముఖ్యమంత్రిగా, 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టాడు. 1960లో కాంగ్రెసు అధ్యక్షుడై, 1962లో తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు.

బస్సు రూట్ల జాతీయీకరణ కేసు

ఆంధ్ర ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. ఏ రూట్లను ప్రైవేటు యజమానుల నుండి స్వీకరించాలో ఆ సంస్థే ప్రజాప్రయోజనాన్ని బట్టి నిర్ణయించి పథకం తయారు చేయాలని మోటారు వాహనాల చట్టం చెప్పింది. అభ్యంతరాలను విని, పథకాన్ని ఆమోదించడమో, మార్చడమో, తిరస్కరించడమో ప్రభుత్వపు పని. అంటే ఆలోచన సంస్థది, తనిఖీ ప్రభుత్వానిది.

సంస్థ తొలుత అనుకున్న జిల్లాల వరుసను మార్చి కర్నూలు జిల్లా రూట్లను ముందుకు తెచ్చింది. రాజకీయ కక్షతో ముఖ్యమంత్రే అలా చేయించాడని అక్కడి బస్సు యజమానులు కోర్టుకు వెళ్ళారు. ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి అఫిడవిట్ దాఖలు చేయలేదు. 1964లో సుప్రీం కోర్టు ఈ విషయాన్ని ఎత్తిచూపి, సంస్థ స్వంత నిర్ణయంతో కాక ముఖ్యమంత్రి ఒత్తిడితో నడచుకున్నదని భావించి పథకాలను కొట్టివేసింది. పదవి వీడాలని తీర్పులో లేకపోయినా, సంజీవరెడ్డి నైతిక బాధ్యత వహించి అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు.

కేంద్రమంత్రిగా

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను, 1966 జనవరి నుండి 1967 మార్చి వరకు ఇందిరా గాంధీ మంత్రివర్గంలో రవాణా, విమానయానం, నౌకాయానం, పర్యాటక శాఖలను నిర్వహించాడు. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవు 1964లో పోర్టు ట్రస్టు బోర్డు చేతికి వచ్చింది. ప్రధాన ఓడరేవుల ట్రస్టుల చట్టం (1963) ప్రకారం రేవు అభివృద్ధి పనులను బోర్డే ప్రతిపాదించేది. అయితే వార్షిక బడ్జెట్టుకు, పరిమితిని మించిన ఖర్చుతో కూడిన పనులకు, అప్పులకు కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరిగా ఉండేది. విధాన విషయాలలో బోర్డుకు ఆదేశాలిచ్చే అధికారం కూడా కేంద్రానికి ఉండేది. అయితే రవాణా సంస్థ కేసులో తెరవెనుక ఒత్తిడి వివాదమైతే, ఇక్కడ ఆదేశాలకు చట్టమే మార్గం చూపింది. 2021లో ఈ చట్టం స్థానంలో ప్రధాన ఓడరేవుల ప్రాధికారాల చట్టం అమలులోకి వచ్చి, బోర్డులకు ఎక్కువ స్వేచ్ఛ కల్పించింది.

తరువాతి జీవితం

1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై స్పీకరయ్యాడు. సభాపతి పక్షపాత రహితుడుగా ఉండాలని పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నాడు. 1969 రాష్ట్రపతి ఎన్నికలలో వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. 1977లో నంద్యాల నుండి జనతా పార్టీ తరపున గెలిచాడు. రాష్ట్రంలో ఆ పార్టీకి దక్కిన ఏకైక లోక్‌సభ స్థానం అదే. మళ్ళీ స్పీకరై, అదే ఏడాది జూలైలో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. 1982లో పదవీకాలం ముగిసింది. 1996లో బెంగుళూరులో మరణించాడు.

పంజాగుట్ట, అమీర్‌పేటల మీదుగా సాగే మెట్రో మార్గంలో అమీర్‌పేట తరువాతి స్టేషను ఎస్.ఆర్.నగర్. ఈ పొట్టి పేరులోని రెండక్షరాలు సంజీవరెడ్డివే.