కొలిచి చూసిన మనిషి – ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్

మన చిన్నతనంలో ఇంట్లో వాల్వు రేడియో ఉండటమే గొప్ప. మబ్బు పట్టి ఉరిమితే చాలు, గరగరల్లో వార్తలు సగం వినబడేవి కావు. ఆ సెట్టు స్టేషన్లను పట్టే పద్ధతినీ, తర్వాత ఆ గరగరను వదిలించిన ఎఫ్.ఎం. విధానాన్నీ మనకు ఇచ్చినవారు ఒక్కరే. ఆయనే అమెరికా ఇంజనీరు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్.

ఆయన 1890 డిసెంబరు 18న న్యూయార్క్‌లో జన్మించారు. చిన్నప్పుడు జబ్బుచేసి కొంతకాలం బడికి దూరమయ్యారు. యాంకర్స్ పట్టణంలోని ఇంట్లో పై గదిలో వైర్‌లెస్ పరికరాలు అమర్చుకుని, పెరట్లో 125 అడుగుల ఏరియల్ స్తంభాన్ని స్వయంగా నిలబెట్టారు. ఇప్పుడు మనం హాం రేడియో అంటున్న అభిరుచి ఆయనకు అలా అబ్బింది.

ఆ రోజుల్లో లీ డి ఫారెస్ట్ కనిపెట్టిన ఆడియాన్ అనే వాల్వు వాడుకలోకి వచ్చింది. అందులో మిగిలిన వాయువు వల్లనే అది పనిచేస్తుందని చాలామంది నమ్మేవారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. విద్యుత్ తరంగాలను గీసి చూపే ఆసిలోగ్రాఫ్‌తో వాల్వులోని కరెంటును పరీక్షించి, అసలు సంగతి తేల్చారు. బయటికి వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి వాల్వులోకే పంపితే అది వేల రెట్లు పెరుగుతుందని 1912లో కనుగొన్నారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు.

మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఉండగా, 1918లో పారిస్‌లో సూపర్‌హెటిరోడైన్ పద్ధతిని రూపొందించారు. మన మర్ఫీ, ఫిలిప్స్ సెట్లు నడిచింది ఈ పద్ధతిమీదే. 200 మీటర్ల ప్రాంతపు తరంగాలు దూరానికి పనికిరావని నిపుణులు వాటిని ఔత్సాహికులకు వదిలేశారు. 1921 డిసెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్, మిత్రులు కలిసి నెలకొల్పిన చిన్న స్టేషను సంకేతాలు అట్లాంటిక్ దాటి స్కాట్లండ్‌లో వినబడ్డాయి!

పెద్ద పరీక్ష తర్వాత వచ్చింది. ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ వల్ల లాభం లేదని 1922లో జాన్ కార్సన్ అనే గణితజ్ఞుడు నిరూపించారు. ఆయన లెక్క ఇరుకైన పట్టీకి సరైనదే. కానీ అందరూ దాన్ని ఆఖరి మాటగా తీసుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టీని బాగా వెడల్పు చేసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. గరగర దాదాపు మాయమైంది. 1935 నవంబరులో న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభకు దాన్ని వినిపించారు. ప్రసారం వచ్చింది ఏ పెద్ద స్టేషను నుంచో కాదు, యాంకర్స్‌లోని మిత్రుడు రన్యన్ ఇంటి హాం స్టేషను నుంచి. అక్కడ గ్లాసులో నీళ్లు పోస్తే ఇక్కడ నీళ్ల చప్పుడే వినిపించింది. కాగితం నలిపితే కాగితం చప్పుడే వినిపించింది.

ప్రయోగం నెగ్గినంత సులువుగా మనిషి నెగ్గలేదు. మొదటి ఆవిష్కరణపై సాగిన దావాలో 1934లో సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పిచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన పతకాన్ని తిరిగి ఇవ్వబోతే ఇంజనీర్ల సంస్థ పుచ్చుకోలేదు. ఆ ఘనత ఆయనదేనన్నది తోటి ఇంజనీర్ల అభిప్రాయం. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. ప్రసారాలను వేరే పట్టీకి మార్చడంతో అప్పటివరకు అమ్మిన సెట్లు నిరుపయోగమయ్యాయి. ఎఫ్.ఎం. పేటెంట్ల కోసం పెద్ద కంపెనీలతో సాగిన వ్యాజ్యాలు ఆయన ఆస్తినీ ఆరోగ్యాన్నీ హరించాయి. 1954 జనవరి 31 రాత్రి ఆయన తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. భార్య మేరియన్ పోరు మానలేదు. 1967 నాటికి చివరి కేసు కూడా గెలిచారు.

ఇది ఎప్పటినుంచో ఇంతే అనే మాట మన ఆఫీసుల్లోనూ విన్నాం, కొన్నిసార్లు మనమూ అన్నాం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ మాటను ఎదిరించింది వాదనతో కాదు, కొలతతో. ఈసారి మనవడో మనవరాలో అటకమీది పాత రేడియో విప్పుతుంటే కసరకండి. వీలైతే ఒక మల్టీమీటరు కొనిపెట్టి, పక్కన కూర్చోండి.