కంపన వేదిక – ఒమోరి

అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో అచల, స్థిర అనేవి రెండు. కదలనిదనీ, నిలకడ గలదనీ వాటి భావం. ఆ నిలకడను నమ్ముకొనే మానవుడు పునాదులు తవ్వి గోడలు లేపాడు. కాని జపాను దీవులలో ఆ నమ్మకం తరచుగా వమ్మవుతూ వచ్చింది. అక్కడ నేల కంపించని సంవత్సరం లేదు. కాళ్ల కింది నేలే కదిలేచోట కట్టడాన్ని నిలబెట్టడం ఎలా? ఈ ప్రశ్నకు ప్రయోగం ద్వారా సమాధానం వెదికిన తొలితరం శాస్త్రజ్ఞులలో ప్రముఖుడు ఒమోరి ఫుసాకిచి.

ఒమోరి క్రీ.శ. 1868లో ఫుకుయి పట్టణంలో జన్మించారు. మెయిజీ యుగం ఆరంభమైన సంవత్సరం కూడా అదే. పాశ్చాత్య విజ్ఞానానికి జపాను తలుపులు తెరిచిన కాలమది. ఆయన టోక్యోలోని ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి 1890లో పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో అక్కడ జాన్ మిల్న్ అనే ఆంగ్లేయుడు ఆచార్యుడుగా ఉండేవాడు. గనుల శాస్త్రం బోధించడానికి 1876లో వచ్చిన మిల్న్, ఆ దేశపు భూకంపాలను చూసి వాటి అధ్యయనానికే అంకితమైనాడు. ఆయన సాహచర్యంలో ఒమోరి భూకంప శాస్త్రంలో అడుగుపెట్టారు.

గురుశిష్యులకు పరీక్ష త్వరలోనే ఎదురైంది. 1891 అక్టోబరు 28 ఉదయం మధ్య జపానులోని మినో, ఒవారి ప్రాంతాలను మహా భూకంపం కుదిపివేసింది. ఏడువేల మందికి పైగా మరణించారు. పాశ్చాత్య పద్ధతిలో కొత్తగా కట్టిన ఇటుక భవనాలు అనేకం కుప్పకూలాయి. ఆ శిథిలాల నడుమ ఒమోరి చేసినది కన్నీరు కార్చడం కాదు, కొలతలు తీయడం. ప్రధాన కంపం తరువాత వచ్చే చిన్న కంపాలను ఆయన రోజుల తరబడి లెక్కించారు. కాలం గడిచేకొద్దీ వాటి సంఖ్య ఒక నియమం ప్రకారం విలోమ నిష్పత్తిలో తగ్గుతుందని 1894లో నిరూపించారు. అది నేటికీ ఒమోరి నియమం అనే పేరుతోనే ప్రసిద్ధం.

శ్మశానాలలో పడిపోయిన సమాధి శిలలు కూడా ఆయనకు సాక్షులైనాయి. నిలువుగా నిలిపిన శిల వెడల్పును ఎత్తుతో భాగిస్తే, దానిని పడదోయడానికి ఎంత త్వరణం కావాలో స్థూలంగా తెలుస్తుంది. ఒక అడుగు వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు గల శిల పడిపోవాలంటే గురుత్వ త్వరణంలో నాలుగోవంతు కావాలి. ఏ శిల పడింది, ఏది నిలిచింది అని చూస్తే అక్కడి నేల ఎంత బలంగా ఊగిందో ఊహించవచ్చు. అయితే ఈ లెక్క నిజమో కాదో తేల్చుకొనేదెలా? మరో భూకంపం కోసం ఎదురుచూడడం తగని పని. అందువల్ల శాస్త్రజ్ఞులు భూకంపాన్నే ప్రయోగశాలకు రప్పించదలచారు.

ఆ సంకల్పం నుంచి పుట్టినదే కంపన వేదిక. ఇంజనీర్లు దీనినే షేక్ టేబుల్ అంటారు. పెద్ద బల్ల వంటి వేదికను అడ్డంగా ముందుకూ వెనుకకూ ఊగేటట్లు అమర్చి, దానిపై ఇటుకలతో, సున్నంతో స్తంభాలు కట్టి నిలిపేవారు. తరువాత వేదికను ఊపుతూ, ఆ ఊపు పరిమాణాన్నీ వేగాన్నీ క్రమంగా పెంచేవారు. ఏ క్షణంలో స్తంభం విరిగిందో, ఏ క్షణంలో ఒరిగిందో గుర్తించి, ఆ సమయంలోని త్వరణాన్ని లెక్కకట్టేవారు. మిల్న్, ఒమోరి కలిసి ఈ ప్రయోగ ఫలితాలను 1893లో ప్రకటించారు. ఒమోరి మరింత విపులమైన నివేదికను 1900లో వెలువరించారు.

ఆ ప్రయోగాలు కట్టడపు పనికి కొత్త చూపునిచ్చాయి. అంతవరకు గోడ తనపై పడే బరువును మోస్తే చాలునని భావించేవారు. బరువు పైనుంచి కిందికి పనిచేస్తుంది. భూకంపమో పక్కనుంచి తోస్తుంది. ఇటుక నొక్కుడును ఓర్చుకొంటుంది గాని వంపును ఓర్చుకోలేదు. అడుగు నుంచి కొస వరకు ఒకే మందంగా లేచిన స్తంభంలో పాదం వద్దనే అధికమైన వంపు కలుగుతుంది. కనుక అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కట్టడం క్షేమకరం. ఇటుకలను కలిపే సున్నం బలహీనమైతే ఇటుక ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. వేదికపై లభించిన అంకెల ఆధారంగా ఒమోరి భూకంప తీవ్రతను త్వరణంతో కొలిచే ఏడు అంతరాల మానాన్ని రూపొందించారు. భయాన్ని బట్టి, నష్టాన్ని బట్టి చెప్పుకొనే తీవ్రతకు ఆ విధంగా ఒక కొలత ఏర్పడింది.

ఆయన నిర్మించిన సమాంతర లోలక భూకంపమాపకం దేశదేశాలకు చేరింది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, 1908లో ఇటలీలోని మెస్సీనాకు విపత్తు సంభవించినప్పుడు ఒమోరి స్వయంగా వెళ్లి పరిశీలించారు. భూకంపం అనగానే ఆయన పేరే గుర్తుకు వచ్చేటంత కీర్తి లభించింది.

ఆ కీర్తికే ఒక పరీక్ష కాచుకొని ఉంది. ఒమోరి శాఖలోనే ఇమామురా అకిత్సునే అనే ఉపాచార్యుడు పనిచేసేవాడు. పూర్వపు భూకంపాల నడుమ గడిచిన కాలాన్ని లెక్కించి, రానున్న యాభై ఏళ్లలో టోక్యోకు పెనుముప్పు తప్పదనీ, అగ్నిప్రమాదాలు తోడైతే లక్షకు పైగా ప్రాణాలు పోగలవనీ అతడు 1905లో ఒక పత్రికలో రాశాడు. ముందుజాగ్రత్త కోరడమే అతని ఉద్దేశం. కాని 1906 ఆరంభంలో ఒక దినపత్రిక ఆ మాటలను సంచలన వార్తగా మార్చింది. ప్రజలు భయకంపితులైనారు. వారిని శాంతింపజేయడం తన బాధ్యత అనుకొన్న ఒమోరి, ఇమామురా వాదానికి శాస్త్రీయమైన ఆధారం లేదని బహిరంగంగా ఖండించారు. పెద్ద ఆచార్యుని మాటకు విలువ ఎక్కువ. నగరం ఊపిరి పీల్చుకొంది. ఇమామురా ఏళ్ల తరబడి అపహాస్యం పాలైనాడు. భయంతో పాటు హెచ్చరికను కూడా ప్రజలు మరచిపోయారు.

పదిహేడేళ్లు గడిచాయి. 1923లో ఒక శాస్త్రజ్ఞుల మహాసభకై ఒమోరి ఆస్ట్రేలియా వెళ్లారు. సెప్టెంబరు 1న సిడ్నీ నగరంలోని రివర్‌వ్యూ పరిశీలనాలయంలో ఆయన భూకంపమాపకాన్ని తిలకిస్తున్నారు. ఆయన చూస్తుండగానే దాని సూది చలించి పెద్ద పెద్ద రేఖలు గీసింది. ఎక్కడో దూరాన మహా భూకంపం వచ్చిందని ఆయనకు అర్థమైంది. ఆ చోటు తన టోక్యో నగరమేనని తరువాత తెలిసింది. ఆ దినం మధ్యాహ్నం 11 గంటల 58 నిమిషాలకు, ఇంటింటా పొయ్యిలు వెలుగుతున్న వేళ, కాంతో ప్రాంతం కంపించింది. కూలిన ఇళ్లకంటే రగిలిన మంటలే అధిక నాశనం చేశాయి. మృతులు లక్షకు పైమాటే. ఇటుకలతో కట్టిన ప్రసిద్ధమైన పన్నెండు అంతస్తుల ర్యోఉన్‌కాకు గోపురం నడుమకు విరిగింది. పొడవైన ఇటుక కట్టడం పక్క ఊపునకు నిలవదని ముప్పై ఏళ్ల క్రితమే కంపన వేదిక చెప్పింది.

అప్పటికే అస్వస్థులైన ఒమోరి ఓడలో స్వదేశానికి బయలుదేరారు. అక్టోబరులో రేవు చేరిన ఆయనను ఎదుర్కొన్నవాడు ఇమామురాయే. తన తీర్పు తప్పిందనీ, బాధ్యత తనదేననీ గురువు ఒప్పుకొన్నారు. మెదడులోని కణితి ఆయనను ఎంతోకాలం బతకనీయలేదు. 1923 నవంబరు 8న ఒమోరి కన్నుమూశారు. ఆయన పీఠాన్ని ఇమామురాయే అధిష్ఠించాడు.

ఒమోరి జీవితంలో రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. భూకంపం వచ్చినప్పుడు కట్టడం ఎలా నిలుస్తుందన్నది మొదటిది. అది ఎప్పుడు వస్తుందన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ఆయన వేదికపై కొలిచి సమాధానమిచ్చారు, అది నిలిచింది. రెండవ ప్రశ్నకు కొలతకు అందని ధీమాతో సమాధానమిచ్చారు, అది కూలింది. ఫలానా రోజున ఫలానా చోట భూకంపం వస్తుందని చెప్పగల శాస్త్రం నేటికీ లేదు. అందువల్లనే మొదటి ప్రశ్నకు విలువ పెరిగింది. కాంతో విపత్తు తరువాత 1924లో జపాను ప్రభుత్వం, భవనాలు తమ బరువులో పదోవంతు పక్క ఒత్తిడిని తట్టుకోవాలని శాసనంలో చేర్చింది.

1995లో కోబె నగరంలో భూకంపం 6,400 మందికి పైగా బలిగొన్నది. పదేళ్ల తరువాత, 2005లో, ఆ చేరువలోని మికి పట్టణంలో ఇ-డిఫెన్స్ అనే మహా కంపన వేదిక వెలసింది. దాని పొడవు 20 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. అది 1,200 టన్నుల కట్టడాన్ని మోస్తూ ముందుకూ వెనుకకూ, పక్కలకూ, పైకీ కిందికీ ఊగగలదు. 2009లో ఏడు అంతస్తుల కట్టడాన్ని దానిపై నిలిపి పరీక్షించారు. మన దేశంలోనూ రూర్కీ, చెన్నై, బెంగళూరు నగరాలలో కంపన వేదికలున్నాయి.

ఈ వేదికలపై కూలే ఇంట్లో మనుషులుండరు. అక్కడ పగిలిన ప్రతి గోడా మరొకచోట ఒక కుటుంబాన్ని కాపాడుతుంది. భూమి అచల కాదని తెలిసిన తరువాత, ఆ జ్ఞానాన్ని కొలతగా మార్చడమే ఒమోరి చేసిన మహోపకారం. కొలవని విషయంలో ధీమా పనికిరాదన్నది ఆయన జీవితం మిగిల్చిన పాఠం.