సర్వజ్ఞ సోమేశ్వరుడు – చతురంగ క్రీడ

కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు. భూలోకమల్లుడు, సర్వజ్ఞభూపుడు అనునవి ఇతని బిరుదులు. ఏబది ఏండ్లు సాగిన తండ్రి పాలన ముందు ఇతని పన్నెండేండ్ల పాలన (క్రీ.శ. 1126–1138) చరిత్రకారులకు వెలవెలపోయినట్లే కనిపించినది. వేంగి చేజారినది. దక్షిణాన హొయసల విష్ణువర్ధనుడు తల ఎత్తినాడు. విద్యావినోదాలలో మునిగి రాజ్యాన్ని సడలనిచ్చినాడన్న అపవాదు అందువల్లనే ఇతనికి అంటినది.

ఆ అపవాదును పునఃపరిశీలింపవలసి ఉన్నది. ఇతడు తెలుగునేలకు కొత్తవాడు కాడు. నాంపల్లికి సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలోని కొలనుపాక నాటి కొల్లిపాక. అక్కడి శాసనాలలో తండ్రి కాలంనాడే కుమార సోమేశ్వరుడుగా కనిపిస్తాడు. అనుమకొండ కాకతీయులు ఇతని కాలంలో సామంతులే. వారి స్వాతంత్ర్య ప్రకటన రుద్రదేవుని 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో గాని వినరాదు. కలచురి బిజ్జలుడు కల్యాణాన్ని ఆక్రమించినది ఇతడు గతించిన దాదాపు ఇరువది ఏండ్లకు.

ఇతని విద్యాభిరుచికి ప్రధాన నిదర్శనం మానసోల్లాసం. శా.శ. 1051 (క్రీ.శ. 1129) ప్రాంతంలో రచితమైన ఈ గ్రంథంలో ఐదు వింశతులు, నూరు అధ్యాయాలు కలవు. రాజ్యప్రాప్తి మొదట, రాజ్యస్థైర్యం తరువాత, ఉపభోగ వినోదాలు ఆ పిమ్మట, క్రీడలు చిట్టచివర. కేవల భోగలాలసుడు ఈ వరుసను పాటించి ఉండడు.

చతురంగం ఆ ఐదవ వింశతిలోనిదే. ఏడవ శతాబ్దిలో బాణుడు హర్షచరిత్రలో ఈ ఆటను శ్లేషకు వాడుకొన్నాడు. శ్లేష వల్ల ఆట ఉన్నదని తెలియును గాని ఆడు తీరు తెలియదు. క్రీ.శ. 1030 ప్రాంతంలో అల్‌బెరూనీ పాచికలతో నలుగురు ఆడే తీరును వర్ణించినాడు, కాని అది పరదేశి చూపు. సోమేశ్వరుడు దాదాపు అరువది శ్లోకాలలో బలాల నిలుపుదలను, గతులను శాస్త్రీయంగా నిరూపించినాడు. చతురంగ బలాలను నిజంగా నడిపిన రాజు బల్లమీది బలాలను గూర్చి వ్రాయుట అరుదైన సంగతి.

పారశీకంలో చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్ అయిన ఈ ఆట ఆ రెండవ పేరుతోనే దక్కనీ ఉర్దూ ద్వారా ఆబిడ్స్ ప్రాంతానికి తిరిగి వచ్చినది. హిందువులు ఏనుగును మూలగడిలో నిలుపుతారని తొమ్మిదవ శతాబ్దిలోనే అల్‌అద్లీ గుర్తించినాడు. అరబ్బుల బల్లపై ఆ చోటు రథానిది. తెలుగువారి బల్లపై మూలన నేటికీ ఏనుగే.

విక్రమాంకాభ్యుదయమను పేర తండ్రి చరిత్రను కూడ సోమేశ్వరుడు ఆరంభించినాడు. లభించిన భాగం అసంపూర్ణం. 1138లో కుమారుడు రెండవ జగదేకమల్లుడు రాజ్యానికి వచ్చినాడు.

మానసోల్లాస చతురంగ భాగానికి చాలాకాలం ప్రసిద్ధి కలుగలేదు. 1913లో ముర్రే బృహచ్చదరంగ చరిత్రను వెలువరించునాటికి అది అముద్రితం. శ్రీగోండేకర్ పరిష్కరణ తొలి సంపుటం గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో 1925లో వెలువడగా, క్రీడావింశతి గల మూడవ సంపుటం 1961 వరకు రాలేదు. ఆ శ్లోకాలను జర్మన్ పండితుడు బాక్-రామింగ్ అనువదించి వ్యాఖ్యానించినది 1990లలో.