సీమకు వెళ్లివచ్చిన రాఘవ

తాడిపత్రి రాఘవాచార్యులు పగలు న్యాయస్థానమున ప్లీడరు. రాత్రి రంగస్థలమున దుర్యోధనుడు. 1880 ఆగస్టు 2న జన్మించిన ఈతనిని ఆంధ్రలోకము బళ్లారి రాఘవయనియే యెరుగును. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరసవినోదినీ సభను నడపిన నాటకకర్త. ఇంటనే నాటకము పుట్టుచుండగా మేనల్లునకు ముఖమునకు రంగు పూసికొనుట వింతగా తోచియుండదు.

సూరత్తులో మగ్గముల సందడి నడుమ తెలుగు, గుజరాతీ, హిందీ కలసి వినవచ్చునట్లే నాటి బళ్లారిలో తెలుగు, కన్నడము ఒకే వీధిలో మెలగినవి. రాఘవ తెలుగున, కన్నడమున, హిందీలో, ఆంగ్లమున నటించెను. షేక్స్పియరు పాత్రలను ఆ కవి భాషలోనే ప్రదర్శించెను. 1927లో మహాత్ముడు నందికొండపై విశ్రాంతి గొనుచుండగా, ఆయన యెదుట హిందీలో కబీరు కథను ఆడి మెప్పుగాంచెను.

నాటకము ఆతనికి కూడు పెట్టు వృత్తి కాదు. వకీలుగా పేరుగాంచి, ప్రభుత్వ న్యాయవాదియై, రావుబహద్దరు బిరుదమందిన పెద్దమనిషి ఆతడు. అట్టివాడు ఏబదియేండ్ల ప్రాయము సమీపించుచుండగా, 1927-28 ప్రాంతమున, ఓడనెక్కి ఇంగ్లండునకు, మరికొన్ని ఐరోపా దేశములకు పోయెను. అదివరకే తన కళలో ఆరితేరినవాడగుటచే అక్కడి నాటకశాలలను శిష్యునివలె గాక సాటివానివలె చూడగలిగెను.

ఆ దినములలో మన నాటకమెట్లుండెనో తలచుకొన్నగాని ఈ ప్రయాణపు విలువ తెలియదు. రాత్రి భోజనములైన పిమ్మట తెర లేచినచో తెల్లవారువరకు సాగుచుండెడిది. పద్యము బాగున్నచో సభ వన్సుమోరని కేకలు వేయును. ప్రాణము విడిచిన పాత్ర సైతము లేచి మరల రాగమెత్తవలెను! కాంట్రాక్టు నాటకములలో ఒక్కొక్క యూరినుండి ఒక్కొక్క ప్రసిద్ధనటుడు వచ్చి, కలసి అభ్యసింపకయే రంగముపై ఒకరినొకరు కలిసికొనుచుండిరి. స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. లండనులోనో, నియమితకాలమున తెర లేచును, రెండు మూడు గంటలలో ముగియును. చిన్న పాత్రధారియు దర్శకుని యెదుట దినములకొలది అభ్యసించును. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించును.

రాఘవకు ఇవి క్రొత్త భావములు కావు. రాగముకన్న భావమే మిన్న యని ఆతడు అంతకుముందే తన నటనలో చూపుచుండెను. తాను ఒంటరిగా పట్టుబట్టుచున్నది ఒక దేశమున నిత్యవ్యవహారమై యుండుట కన్నులార చూచుట మాత్రము వేరు.

ఆ యాత్రలోనే డెబ్బదియేండ్లు దాటిన బెర్నార్డు షాను కలిసికొనెను. ఇంగ్లండున పుట్టవలసినవాడు హిందూదేశమున పుట్టెనని షా విచారించినట్లు మనవారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. మెప్పే కాని, అందొక ముల్లును కలదు. బళ్లారిలో పుట్టకున్నచో ఆ మేనమామ యెక్కడ? ఆ నాలుగు భాషలెక్కడ? పఠాను రుస్తుము పాత్రకు తెలుగు సభ నిశ్చేష్టయై కూర్చుండుట యెక్కడ?

రాఘవ మాత్రము ఇంటికి మరలివచ్చెను. పిమ్మట ఆతడు పూనుకొన్న పనులు కష్టతరములు. పి.వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది యను సాంఘిక నాటకమును 1930 ప్రాంతమున ప్రదర్శించెను. కిరీటములు, గదలు లేవు. మన యిండ్లలోని మాటలే కలవు. ఆ రచయితయే పిదప మద్రాసు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. కొమ్మూరి పద్మావతీదేవి మున్నగు స్త్రీలు రాఘవ సరసన నటించిరి. కులస్త్రీ రంగమెక్కుటయే అపచారమని తలచు కాలమది; నిందలో సగము ఆమెకు, సగము ఆమెను పిలిచినవానికి. గౌరవనీయుడైన ఒక వకీలు అందులకు సిద్ధపడుట సామాన్యము కాదు.

చలనచిత్రములలో ఆతడు నిలువలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణము, 1939లో రైతుబిడ్డ, 1940లో చండిక, అంతియే. యెదుట సభ లేని నటన ఆతనికి రుచింపలేదేమో!

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూసెను. నాటికి బళ్లారి మద్రాసు రాష్ట్రములోనిది. 1953లో మైసూరున చేరినది. రాఘవను మాత్రము తెలుగువారును, కన్నడిగులును మావాడనియే చెప్పుకొనుచున్నారు.